ఫైలు ఎక్కడికి పోయింది?

విరుదునగర్ దగ్గర మా అవ్వ ఇంటి తెలుగు మాటలు సెలవుల్లో అన్న పాత ల్యాప్‌టాప్‌లో, లిబ్రేఆఫీస్ రైటర్‌లో కొట్టాను. అన్న దాన్ని ఫార్మాట్ చేశాడు. డి డ్రైవ్ మిగిలింది, సి డ్రైవ్ పోయింది. నా ఫైలు సి లోని 'డాక్యుమెంట్స్'లో ఉందట! సేవ్ నొక్కానే గాని, ఎక్కడికి పోతుందో ఏనాడూ చూడలేదు.

కోవిల్‌పట్టి పక్క ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారు ఇంట్లో తెలుగు, రాత తమిళం. ఆయన కరిసల్ మాటలకు నిఘంటువే కట్టారు. నేను ఒక్క ఫైలు కాపాడలేకపోయాను.

ఇప్పుడు ఇలా చేశాను. టూల్స్, ఆప్షన్స్, లిబ్రేఆఫీస్, అందులో పాత్స్. 'మై డాక్యుమెంట్స్' వరుస ఎంచి, ఎడిట్ నొక్కి, డి డ్రైవ్‌లో 'అవ్వమాటలు' ఫోల్డరు చూపించి ఓకే. 'బ్యాకప్స్' వరుస మరవద్దు, అదీ మామూలుగా సి లోనే ఉంటుంది. దాన్ని నేను పెన్‌డ్రైవ్‌కి మార్చాను. లోడ్/సేవ్ కింద జనరల్‌లో బ్యాకప్ కాపీ టిక్ పెడితేనే అది పనిచేస్తుంది. సేవ్ చేసేప్పుడు పెన్‌డ్రైవ్ గుచ్చి ఉండాలి సుమా.

ఒక్క మాట: దారి మార్చితే పాత ఫైళ్ళు వాటంతట అవి కదిలి రావు, మనమే తెచ్చుకోవాలి.

సగం మాటలు మళ్ళీ రాశాను. మిగతావి పొంగల్‌కి అవ్వనే అడగాలి.