ముఖతొడుగు వెనుక ఎవరు?

తమిళనాడులో తంజావూరు దగ్గర మెలట్టూరు అనే ఊరు ఉంది. అక్కడ ఏటా వైశాఖ మాసంలో, నరసింహ జయంతి సందర్భంగా, వరదరాజస్వామి గుడి ముందు 'ప్రహ్లాద చరిత్రము' ఆడతారు. రాత్రి మొదలైన ఆట తెల్లవారే దాకా సాగుతుంది. దీనిని భాగవత మేళం అంటారు. నాటకమంతా తెలుగే. రచించినవారు 18వ శతాబ్దికి చెందిన మెలట్టూరు వెంకటరామశాస్త్రి. ఆడేవారిలో చాలామంది ఇంట్లో మాట్లాడేది మాత్రం తమిళం! మనవంటి వారికి ఇది ముచ్చట గొలిపే సంగతే కాని, మన పాఠం వేరొక విషయం గురించి.

ఈ నాటకం తాను నాటకమని దాచుకోదు. మొదట కోణంగి గంతులు వేస్తూ వచ్చి, నవ్వించి, సద్దు చేయవద్దని చెబుతాడు. తరువాత ఏనుగు ముఖం తొడుక్కొన్న బాలుడు వినాయకుడుగా వచ్చి పోతాడు. ఏ పాత్ర వచ్చినా, ఫలానావారు వస్తున్నారని గాయకులు ప్రవేశ దరువు పాడతారు. ప్రహ్లాదుని తల్లి లీలావతి వేషం కట్టేది మగవాడే. అతడు ఎవరింటివాడో ఊరందరికీ తెలుసు. 'ఇది ఆట సుమా!' అని నాటకమే చెబుతున్నదన్నమాట.

చివరకు నరసింహుడు వస్తాడు. ఆయన ముఖతొడుగు మామూలు రోజుల్లో గుడిలో పూజలందుకొంటూ ఉంటుంది. దానిని ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు. అది ముఖానికి తగలగానే స్వామి పూనుతాడనీ, హిరణ్యకశిపుని వేషధారికి నిజంగానే ప్రమాదమనీ నమ్మకం. అందుకే తోటివారు నరసింహుణ్ణి గట్టిగా పట్టుకొని ఉంటారు. రాత్రంతా ఆట అని చెప్పిన నాటకం ఇప్పుడేమంటున్నది? ఆ పట్టుకొన్న చేతులు నటిస్తున్నాయా?

ఇటువంటి ప్రశ్ననే ఇటలీ నాటకకర్త పిరాండెల్లో 1921లో మరొక దారిలో వేశాడు. 'రచయిత కోసం వెతుకుతున్న ఆరు పాత్రలు' అనే నాటకంలో, నటులు రిహార్సలు చేస్తుండగా ఆరు పాత్రలు లోపలికి వచ్చి తమ కథ ఆడమంటాయి. వారిలో తండ్రి పాత్ర వాదం వినదగినది. మనుషులు మారిపోతారు, నిన్న నిజమనుకొన్నది నేడు భ్రమగా తోస్తుంది. పాత్ర మారదు. అటువంటప్పుడు ఎవరు ఎక్కువ నిజం? చివర ఒక బాలుడు చనిపోతాడు. నటులలో కొందరు నిజమంటారు, కొందరు నటన అంటారు. రోము నగరంలో మొదటి ప్రదర్శననాడు ప్రేక్షకులు కోపంతో కేకలు వేశారు.

ఆ తండ్రి మాట మెలట్టూరుకూ వర్తిస్తుంది. ప్రహ్లాదుడుగా ఆడిన బాలుడు పెద్దవాడవుతాడు, వేషం మరొకరికి పోతుంది. ప్రహ్లాదుడు మాత్రం ఏటా అదే పసివాడు. అయితే ఇక్కడ ఎవరూ కేకలు వేయరు. నరసింహుడు రాగానే లేచి చేతులు జోడిస్తారు, ఆ ముఖం వెనుక ఉన్నది తమ పొరుగింటివాడేనని తెలిసి కూడా.