టైల్స్ సందుల్లో నల్ల బూజు

ప్రశ్న: మాది విశాఖలో ఫ్లాట్. షవర్ దగ్గర టైల్స్ సందుల్లో నల్లమచ్చలు. యాసిడ్ పోసి రుద్దినా మళ్లీ వస్తున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ యాసిడ్ సీసా పక్కన పెట్టండమ్మా. అది టైల్స్ మధ్య సిమెంటును తినేస్తుంది. గరుకుదేలిన సందులో బూజు ఇంకా గట్టిగా పాతుకుంటుంది. పైగా బ్లీచింగ్‌తో కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు ప్రమాదం.

మందుల షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ దొరుకుతుంది. గ్లవ్స్ వేసుకుని మచ్చల మీద చల్లండి. బుసబుసా నురగొస్తుంది. 10 నిమిషాలాగి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగేయండి. మూలల్లోని సిలికాన్ లోపలిదాకా నల్లబడితే మాత్రం రుద్ది లాభం లేదు, కోసి కొత్తది పెట్టించాల్సిందే.

తడి గరిటె పెడితే ఆవకాయ ఏమవుతుందో మీకు తెలుసుగా! ఇదీ అంతే. స్నానం కాగానే గోడల నీళ్లు వైపర్‌తో లాగేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అరగంట తిరగనివ్వండి.