పైలట్ లైసెన్సు వచ్చింది, ఉద్యోగం వెనక్కి పోయింది

పైలట్ శిక్షణకు సాయం అడిగే పిల్లలు ఇప్పుడు మన సమాజంలోనూ కనిపిస్తున్నారు. సంతోషించాల్సిన విషయమే. హైదరాబాదు పాతబస్తీలో బేకరీ కార్మికుని కూతురు దాతల చేయూతతో పైలటైన వార్త చదివాక, ఇంటర్మీడియట్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం తీసుకున్న చురుకైన పిల్లలకు ఆ ఆశ కలగడం సహజం. అయితే ఆ వార్తలో చాలామంది గమనించని ముక్క ఒకటుంది. లైసెన్సు వచ్చాక కూడా పెద్ద విమానాల శిక్షణకు ఆమెకు మళ్లీ సాయం కావలసి వచ్చింది. ఉపాధ్యాయులుగా మేము దాతల దృష్టికి తేదలచింది ఆ ముక్కనే.

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, డీజీసీఏ రాతపరీక్షలు గట్టెక్కాలి, క్లాస్ 1 వైద్య పరీక్షలో నెగ్గాలి, 200 గంటలు విమానం నడిపి ఉండాలి. ఖర్చు అరకోటి రూపాయలకు అటూ ఇటూ. ఇంతా చేస్తే ఆ గంటల్లో నడిపేది చిన్న విమానాలే. ప్రయాణికులతో నిండిన ఎయిర్‌బస్ 320 గానీ బోయింగ్ 737 గానీ నడపాలంటే ఆ రకానికే ప్రత్యేకంగా టైప్ రేటింగ్ పొందాలి. దానికి మళ్లీ లక్షలు. 737 నేర్చినవారు నేరుగా 320లో కూర్చోలేరు. మారుతి కారు నేర్చినవాడు టాటా కారు ముట్టకూడదన్నట్టు ఉంటుంది వ్యవహారం. కనుక ఏ రకం నేర్చుకున్నామో ఆ రకం నడిపే సంస్థలతోనే మన బతుకు ముడిపడుతుంది.

2019 సంగతి చూడండి. ఆ ఏడాది మార్చిలో, రెండు ఘోర ప్రమాదాల తర్వాత, 737 మ్యాక్స్ విమానాలను ప్రపంచమంతటా నిలిపివేశారు. ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. దాని విమానాల్లో ఎక్కువ భాగం 737లే. అప్పుడే సొంత డబ్బుతో 737 రేటింగ్ తెచ్చుకున్న కుర్రవాడి పోటీ తోటి కుర్రవాళ్లతో కాదు, వేల గంటల అనుభవంతో రోడ్డున పడ్డ జెట్ పైలట్లతో. వాళ్లు దొరుకుతుంటే 200 గంటల వాణ్ణి ఎవరు పిలుస్తారు? ఏడాది తిరక్కుండానే కరోనా వచ్చింది. 2020 మార్చి 25 నుంచి మే 25 దాకా దేశంలో ప్రయాణికుల విమానాలు ఎగరలేదు. ఆ జూలైలో ఇండిగో తన సిబ్బందిలో పది శాతం మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. అమెరికాలో పెద్ద విమాన సంస్థలు కొత్త పైలట్ల శిక్షణ తరగతులనే రద్దు చేశాయి. నియామక పత్రం పట్టుకుని చేరే తేదీ కోసం ఎదురుచూస్తున్నవారికి తేదీకి బదులు క్షమాపణ ఉత్తరం వచ్చింది.

ఇది కొత్త కాదు. 2008 జూలైలో ముడి చమురు పీపా 147 డాలర్లు తాకింది. అక్టోబరులో జెట్ సంస్థ సుమారు 800 మంది క్యాబిన్ సిబ్బందిని రాత్రికి రాత్రి తీసేసి, గోల పుట్టగానే మర్నాడే వెనక్కి పిలిచింది. వాళ్లు యూనిఫాంతో వీధిలోకి రాగలిగారు కాబట్టి పత్రికలు పలికాయి. చేతిలో ఉత్తరం మాత్రమే ఉన్నవాడికి యూనిఫాం ఎక్కడిది? 2012లో కింగ్‌ఫిషర్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయాయి. అదే 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డరు పెట్టాయి. శిక్షణ సంస్థల ప్రకటనల్లో కనిపించేది ఈ అంకెలే. ఆ విమానాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వస్తాయి; మన పిల్లవాడు రెండేళ్లలో సిద్ధమై కూర్చుంటాడు.

కోత మొదట కొత్తవారి మీదే ఎందుకు పడుతుందంటే, కొత్త పైలట్ సంపాదించిపెట్టే ముందు ఖర్చు పెట్టిస్తాడు. సిమ్యులేటర్ శిక్షణ, ఆపై బోధకుడైన కెప్టెన్ పక్కన నెలల తరబడి ప్రయాణాలు. చట్టం అండ కూడా సర్వీసులో చేరినవారికే గట్టిగా ఉంటుంది. 2020 ఆగస్టులో ఎయిరిండియా తొలగించిన పైలట్లు కొందరు కోర్టుకు వెళ్తే, బకాయి జీతంతో తిరిగి తీసుకోవాలని 2021 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. షరతులతో కూడిన ఉత్తరానికి అంత బలం ఉండదు.

ఇక ఎదురుచూపు కాలం. వైద్య ధ్రువపత్రం ఏడాదికోసారి, మబ్బుల్లో పరికరాలు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏడాదికోసారి, లైసెన్సు పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అరకోటితో పోలిస్తే ఇది చిన్న ఖర్చే. కానీ ఇంటి స్థలం అమ్ముకున్న కుటుంబం దగ్గర అప్పటికి ఆ చిన్నదీ ఉండదు. రేటింగ్ గడువు దాటుతుంది, చెయ్యి మొద్దుబారుతుంది, మళ్లీ పిలుపులు మొదలైనప్పుడు వాడు వరుసలో ఉండడు. అందుకే మా సూచన: పైలట్ శిక్షణకు ఇవ్వదలచిన మొత్తాన్ని అడ్మిషన్ రోజునే ఖాళీ చేయవద్దు. లైసెన్సు తర్వాత రెండేళ్ల పునరుద్ధరణలకు సరిపడా పక్కన ఉంచండి. పిలిచిన సంస్థ ఏ విమానం నడుపుతుందో తేలకముందు టైప్ రేటింగుకు ఇవ్వవద్దు.

బ్యాంకు రుణానికి చదువయ్యాక సాధారణంగా ఏడాదే గడువు. వడ్డీ మాత్రం ఆగదు. కర్జె హసనా ఇచ్చేవారు తిరిగి చెల్లింపును లైసెన్సు తేదీకి కాక మొదటి జీతానికి ముడిపెడితే మేలు. దరఖాస్తులో మేము అడగమనే ప్రశ్న ఇంకొకటి ఉంది: డిగ్రీ ఎక్కడ చేస్తున్నావు? లైసెన్సుకు ఇంటర్ చాలు కాబట్టి చాలామంది డిగ్రీ జోలికి పోరు. తీరా విమానాలు ఆగిన ఏడాది బ్యాంకు పరీక్షకో గ్రూప్స్‌కో కూర్చోవాలంటే అర్హత ఉండదు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఏడాది ఫీజు ఒక్క గంట ఫ్లయింగ్ ఖర్చుకు మించదు.