శిక్షణ నడుమ ప్రసూతి సెలవు

ప్రశ్న: ఎం.డి. జనరల్ మెడిసిన్ రెండవ సంవత్సరములో నున్నాను. ఇప్పుడు మూడవ నెల. సెలవు పెట్టినచో పరీక్ష వెనుకబడునా? శాఖాధిపతికి ఎప్పుడు చెప్పవలెను?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఈ సెలవు మీ హక్కేగాని ఒకరు దయతలచి ప్రసాదించునది కాదు. జాతీయ వైద్య కమిషన్ 2023 నాటి పీజీ నిబంధనలు ప్రభుత్వ నియమముల ననుసరించి ప్రసూతి సెలవును స్పష్టముగా అనుమతించుచున్నవి. అయితే 80 శాతము హాజరు తప్పనిసరి యనియు, అనుమతికి మించిన సెలవు దినములకు సరిగా శిక్షణాకాలము పొడిగింపబడుననియు అవే నిబంధనలు చెప్పుచున్నవి గనుక, మీ సెలవును హాజరులో ఎట్లు లెక్కింతురో, పరీక్ష ఏ విడతకు చేరునో, పొడిగించిన కాలమునకు స్టైపెండు ఇత్తురో లేదో విశ్వవిద్యాలయము నుండి లిఖితపూర్వకముగా తెలిసికొనుడు, నోటిమాట చాలదు.

శాఖాధిపతికి ఈ నెలలోనే చెప్పుడు. మూడు నెలల జిల్లా రెసిడెన్సీని (జిల్లా ఆసుపత్రిలో పొందు శిక్షణను) మూడవ, నాలుగవ, ఐదవ సెమిస్టర్లలో ఎప్పుడైనను వేయవచ్చును గావున, నెలలు నిండువేళ మీకు చికిత్స జరుగు ఆసుపత్రికి దూరమున నుండవలసిన అవస్థ రాకుండ దానిని ముందుకో వెనుకకో జరిపించుకొనవలెను. థీసిస్ విషయములో, రోగుల వివరసేకరణను ప్రసవమునకు ముందే వీలైనంత ముగింపుడు. విశ్లేషణయు రచనయు ఇంటనుండి సాగును, వార్డుపని సాగదు.

పరీక్ష ఆరునెలలు ఆలస్యమైనను సరియే. పచ్చిబాలింతగా రాత్రి డ్యూటీలకు పరుగెత్తవలదని నా దృఢమైన విన్నపము.