బులెటిన్ బోర్డు నడిపేవారి నిద్ర గురించి

చిరంజీవిని ఆశీర్వదించి పెదనాన్న రాసే సంగతులు.

పాతకాలపు బులెటిన్ బోర్డును సొంత గదిలో మళ్లీ నిలబెట్టాలన్న కోరిక తప్పు కాదనీ, అందుకు కావలసిన ఓపిక చిరంజీవికి ఉండడం ఇంట్లో అందరికీ గర్వకారణమనీ ముందుగా ఒప్పుకోవాలి. అయితే కిందటి ఉత్తరంలో సింక్రోనెట్ అనే బోర్డు ప్రోగ్రాము అమరిక గురించి పేజీల కొద్దీ రాసి, ఒంట్లో ఎలా ఉందో ఒక్క వాక్యమైనా రాయకపోవడం, ఆ తరువాత తెల్లవారుజాము దాకా గదిలో దీపం ఆరడం లేదని వాళ్లమ్మ ఫోనులో చెప్పడం, ఈ రెండూ కలిసి పెదనాన్నకు దిగులు పుట్టించాయి. ఆ దిగులు బోర్డు గురించి కాదు, కేవలం నిద్ర గురించే.

బులెటిన్ బోర్డు వ్యవస్థ అంటే ఒక ఇంటి కంప్యూటరును మోడెమ్ ద్వారా టెలిఫోను లైనుకు కలిపి ఉంచితే, బయటివారు తమ కంప్యూటర్ల నుంచి ఆ నంబరుకు డయల్ చేసి, సందేశాలు చదువుకొని, జవాబులు రాసి, కావలసిన ఫైళ్లు దించుకొని వెళ్లే ఏర్పాటు. అంకెలను శబ్దాలుగానూ శబ్దాలను తిరిగి అంకెలుగానూ మార్చే పరికరం మోడెమ్ కాగా, బోర్డు బాధ్యత మోసే మనిషిని సిసాప్ అనేవారు. 1978 జనవరిలో మంచు తుఫాను షికాగోను కప్పేసినప్పుడు వార్డ్ క్రిస్టెన్సెన్, ర్యాండీ స్యూస్ అనే ఇద్దరు మిత్రులు, తమ కంప్యూటర్ క్లబ్బు సభ్యులు చీటీలు గుచ్చుకొనే బోర్డును టెలిఫోను మీదికి తేవచ్చునని తలచి పని మొదలుపెట్టారు. క్రిస్టెన్సెన్ ప్రోగ్రాము రాయగా స్యూస్ యంత్రాన్ని కూర్చాడు. సీబీబీఎస్ అనే ఆ బోర్డు ఫిబ్రవరి 16న అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇదంతా చిరంజీవికి కంఠస్థమే కావచ్చు గాని, ఎవరైనా ఫోను చేసినప్పుడల్లా ఆ యంత్రం ప్రోగ్రామును కొత్తగా ఎక్కించుకొని పని మొదలుపెట్టేదన్న వివరాన్ని మాత్రం చాలామంది పట్టించుకోరు. పిలుపు రాని వేళ ఆ యంత్రానికే పని లేనప్పుడు, దాని యజమానికి అంతకన్నా ఏం పని ఉంటుందన్నది ఆలోచించదగిన ప్రశ్న.

1984లో టామ్ జెన్నింగ్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టిన ఫైడోనెట్, మనిషి కాపలా లేకుండానే యంత్రం పని చేసుకొనే ఈ ధర్మాన్ని మరింత ముందుకు తీసుకుపోయింది. ఒక్కొక్క బోర్డు ఒక్కొక్క ద్వీపంగా ఉండిపోకుండా, దూరప్రాంతపు ఫోను ధరలు తగ్గే రాత్రి వేళల్లో బోర్డులు ఒకదానికొకటి డయల్ చేసుకొని ఉత్తరాలను ఇచ్చిపుచ్చుకొనే పద్ధతి అది. అందుకోసం కేటాయించిన గంటను జోన్ మెయిల్ అవర్ అనేవారు. ఉత్తర అమెరికాకు అది గ్రీన్‌విచ్ కాలమానం ప్రకారం 9 నుంచి 10 వరకు, అంటే షికాగోలో చలికాలపు తెల్లవారుజామున 3 నుంచి 4 వరకు. ఆ గంటలో మనుషుల కాల్స్ తీసుకోకూడదన్నది నియమం. మనుషులు నిద్రపోయే వేళకు యంత్రాలు సంచులు మోసి, వాళ్లు లేచేసరికి ఉత్తరాలను గుమ్మంలో పెట్టిపోవాలన్నదే ఆ నిర్మాణంలోని సౌందర్యం. నోడ్‌లిస్టు అనే నంబర్ల పట్టికలో దొర్లిన తప్పు వల్ల సంబంధం లేని ఇళ్లకు నడిరాత్రి మోడెమ్‌లు ఫోను చేసేవనీ, ఎవరి నిద్రో చెడగొట్టేవనీ తొలినాళ్ల వారు చెప్పుకొనేవారు. పరుల నిద్ర గురించి అంత కలవరపడిన సమాజం సిసాప్ నిద్రను ఎందుకు లెక్కచేయదు?

పెదనాన్న షికాగో శివార్లలో బోర్డు నడిపిన రోజుల్లో పడకా యంత్రమూ ఒకే గదిలో ఉండేవి. వచ్చిన కాల్‌ను ఫ్రంట్‌డోర్ అనే ప్రోగ్రాము ముందుగా అందుకొని, అవతల ఉన్నది మరొక బోర్డా మనిషా అని తేల్చి, మనిషయితే రిమోట్‌యాక్సెస్ అనే బోర్డు ప్రోగ్రాముకు అప్పగించేది. మోడెమ్ కీచుమనే చప్పుడుకు పెద్దమ్మ ఉలిక్కిపడి లేస్తుంటే, స్పీకరును మూయించే ఏటీ ఎమ్ సున్నా అన్న ఆదేశం ఆ కాపురాన్ని కాపాడిందని చెప్పినా అతిశయోక్తి కాదు. పొరుగూరిలోని ఒక విశ్రాంత పోస్ట్‌మాన్ రోజూ కోడి కూసే వేళకు డయల్ చేసి, తన పెరటి టమాటాల సంగతులు రాసి పెట్టేవాడు. ఆకుల ముడత గురించి, ఉడతల దొంగతనం గురించి, ఒక్కోసారి చనిపోయిన భార్య వంటల గురించి. ఆయన ముఖాన్ని పెదనాన్న ఎన్నడూ చూడలేదు. అయినా కాఫీ గ్లాసుతో కూర్చొని ఆ సందేశం చదవనిదే పొద్దు మొదలయ్యేది కాదు, జవాబు సాయంత్రానికి రాసినా ఆయన ఏమీ అనుకొనేవాడు కాదు.

సిసాప్‌ను పిలిచే మీట కూడా బోర్డుల్లో ఉండేది: దాన్ని నొక్కితే యజమాని గదిలో కంప్యూటరు గంట మోగేది, ఆయన ఉంటే నేరుగా కబుర్లాడేవాడు. ఆ గంట ఏ వేళ నుంచి ఏ వేళ వరకు మోగాలో నిర్ణయించే అమరికను ఆ సాఫ్ట్‌వేర్ రాసినవారే ఇచ్చారు. గ్రాఫిక్స్, తలుపులనబడే బయటి ఆటల ప్రోగ్రాములు, ఫైళ్ల విభాగాలు, వీటన్నిటికన్నా గొప్ప సదుపాయం అదేనన్నది పెదనాన్న అభిప్రాయం.

నిద్రలేమికీ కలహానికీ ఉన్న సంబంధం మరొక పెద్ద అధ్యాయం. ఎకోమెయిల్‌లో, అంటే అనేక బోర్డుల్లో ఒకేసారి కనబడే ఉమ్మడి చర్చల్లో, ఘోరమైన తగాదాలన్నీ నడిరాత్రి దాటాక రాసినవేనని రుజువు లేకపోయినా పెదనాన్న నమ్మకం. నిద్ర చాలనివాడు రాసిన వాక్యంలో కామాలు కూడా కోపంగా కనిపిస్తాయి. ఇతరులను మరీ విసిగించకూడదనీ, తాము మరీ తేలికగా విసుగు చెందకూడదనీ ఫైడోనెట్ నియమావళి కోరింది. మొదటి షరతును పట్టుదలతో పాటించవచ్చు గాని, రెండవది ఎనిమిది గంటలు పడుకొన్నవారికే సాధ్యం. చిన్నప్పుడు నిద్ర చాలకపోతే పలక విసిరేసిన చిరంజీవికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇక చిరంజీవి ఉత్తరంలో మురిసిపోతూ రాసిన, రాత్రివేళ బోర్డుకు వచ్చే అతిథుల విషయం. టెల్నెట్, అంటే దూరపు యంత్రంతో అక్షరాల్లో సంభాషించే పాత పద్ధతి, సాధారణంగా 23వ పోర్టులో ఉంటుంది. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, తయారీదారు పెట్టిన సంకేతపదాలు మార్చని కెమెరాలనూ రౌటర్లనూ ఆ దారినే ఆక్రమించింది, ఆ జాతి ప్రోగ్రాముల వేట ఇప్పటికీ ఆగలేదు. కాబట్టి పేరు చెప్పకుండా, ఒక్క అక్షరం చదవకుండా తలుపు తట్టి పోయేవారిలో అత్యధికులు మనుషులు కారు. వారి కోసం బంగారం లాంటి పిల్లవాడు కళ్లు కాయలు కాచేలా కూర్చొంటున్నాడని పెద్దమ్మకు చెబితే ఆమె కంట నీరు పెట్టుకొంది. పోర్టు సంఖ్య మార్చి, పదేపదే విఫలమయ్యే చిరునామాలను అడ్డుకొని, ఎవరు వచ్చారన్నది పొద్దున లాగ్ ఫైలులో చూసుకొంటే సరిపోతుంది.

సిసాప్‌ను పిలిచే వేళలను సాయంత్రం 6 నుంచి 9 వరకే ఉంచాలి. భోజనం ఆ లోపలే కావాలి, తెర ముందు కాదు. హైదరాబాదులో తెల్లవారే వేళకు షికాగోలో రాత్రి భోజనాలు ముగుస్తాయి గనుక, పెదనాన్న అప్పుడే డయల్ చేసి సందేశం పెడతాడు; దానికి ఆఫీసు నుంచి వచ్చాక జవాబిస్తే చాలు. తలుపుల విభాగంలో సేత్ రాబిన్సన్ 1989లో రాసిన లెజెండ్ ఆఫ్ ది రెడ్ డ్రాగన్‌ను తప్పక ఎక్కించాలి. రోజుకు ఇన్నే పోరాటాలని హద్దు ఉన్న ఆట అది. ఆనాటి ఆట ముగించేవాడు డబ్బు ఇచ్చి సత్రంలో గది తీసుకోవాలి, లేకుంటే పొలంలో పడుకొన్నవాణ్ని ఇతర ఆటగాళ్లు చంపిపోతారు. పెదనాన్న పేరిట ఒక ఖాతా, పెద్దమ్మ పేరిట మరొకటి తెరవాలి. ఆమె మొదటి రోజే సత్రానికి డబ్బు మిగుల్చుకొంటానని ఇప్పటికే చెప్పింది.

ఆశీస్సులతో,
పెదనాన్న