ప్రత్యయం తీసేసి చదువు

చిరంజీవి చిన్నాకి,

సగం కలిసే ప్రాస, అదే నువ్వనే స్లాంట్ రైమ్, మోసం కాదురా. ప్రాస దొరక్క చేసుకునే సర్దుబాటూ కాదు. 'గోడ'కీ 'నీడ'కీ ప్రాస కుదరలేదని మీ కుర్రాళ్ళు నవ్వారని అంత చిన్నబుచ్చుకున్నావే, వాళ్ళు నీ ర్యాప్ పాటని ఇంగ్లీషు కొలతతో కొలిచారు. ఆ కొలతలో ఊనిక పడే అచ్చు దగ్గర్నుంచి చివరిదాకా అంతా ఒకేలా మోగాలి. మన ప్రాసకి రెండో అక్షరంలో హల్లు కలిస్తే చాలు. దానిముందు అక్షరం ఒకచోట గురువైతే రెండోచోటా గురువే అయ్యుండాలి. గోడ, నీడ రెండింటిలోనూ 'డ' ఉంది, దానిముందు దీర్ఘం ఉంది. నన్నయ్య కాలం నుంచి మనం ప్రాస అంటున్నది దీన్నే. కాబట్టి ఆ సంగతి ఇక వదిలెయ్.

నీ రెండో ప్రశ్న నాకు బాగా నచ్చింది. "పూర్తిగా కలిసే మాటలు తెలుగులో బోలెడుంటే, ఈ స్లాంట్ రైమ్‌ల కోసం వెతుక్కోవడం ఎందుకు పెద్దమ్మా?" అన్నావు. బోలెడుండటమే మన చిక్కు నాన్నా. నువ్వు పంపిన పాటలోంచే రెండు బార్లు తీస్తాను:

పొద్దున్నే లేచాను, బస్సు ఎక్కాను,
గేటు దగ్గర నిలబడ్డాను, నిన్ను చూశాను.

నాలుగుసార్లు 'ఆను' మోగింది. ఒక్కసారైనా చెవి ఉలిక్కిపడిందా? పడదు. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది, క్రియ ప్రత్యయంతో ముగుస్తుంది. నేను అంటే 'ను', నువ్వు అంటే 'వు', వాడు అంటే 'డు', అది అంటే 'ది'. ఏం రాసినా చివర అవే వచ్చి కూర్చుంటాయి. వాటిని నువ్వు వెతికి తేలేదు, వ్యాకరణం ఇచ్చింది. ఊరికే వచ్చినదాన్ని వినేవాడి చెవి లెక్కలోకి తీసుకోదు. కాలేజీలో పద్యాలు రాసుకొచ్చిన పిల్లలందరికీ నేను చెప్పిన మాటే నీకూ చెబుతున్నాను: ప్రత్యయం తీసేసి చదువు. మిగిలినదాంట్లో చుట్టరికం ఉంటే అది ప్రాస. లేకపోతే ఉత్త వ్యాకరణం.

తీసేసి చూడు. లేచా, ఎక్కా, నిలబడ్డా, చూశా. 'లేచా'కీ 'చూశా'కీ చుట్టరికం ఉంది: చ, శ దగ్గరి అక్షరాలు, రెండింటి ముందూ దీర్ఘమే. కానీ ఒకటి మొదట్లో పడింది, ఒకటి చివర పడింది. మధ్యలో ఇంకో రెండు క్రియలు అడ్డం వచ్చాయి. నీకు తెలియకుండా దొరికిన జతని నువ్వే దూరం చేశావు. అదే 'దాచాను', 'రాశాను' అని పక్కపక్కన పెట్టి చూడు. 'ను' తీసేసినా దాచా, రాశా మిగులుతాయి. అచ్చులు రెండూ అవే, హల్లు మాత్రం కాస్త పక్కకి జరిగింది. ఇదిగో ఇదే స్లాంట్ రైమ్.

చ, శ దగ్గరివని నేను కల్పించి చెప్పట్లేదు. ఇక్కడ కాస్త ఓపిగ్గా విను, నాకు ఇష్టమైన సంగతి ఇది. డిగ్రీలో యతి అనగానే బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుని మర్చిపోయావు. ఉత్పలమాలలో పాదం మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ యతి కుదరాలి, చంపకమాలలో పదకొండోదానికి. అచ్చంగా అదే అక్షరం తెమ్మంటే కవికి ఊపిరాడదు. అందుకని మన ఛందస్సు ఏ అక్షరానికి ఏది మిత్రమో పట్టిక వేసిచ్చింది. క ఖ గ ఘ ఒక జట్టు. చ ఛ జ ఝ శ ష స ఒక జట్టు. త థ ద ధ ఒకటి, ట ఠ డ ఢ ఒకటి. ప ఫ బ భ వ ఇంకో జట్టు. ఈ జట్లన్నీ నోటి లెక్కమీద కట్టినవి. ప, బ, వ మూడూ పెదవి సాయం లేకుండా పలకవు. క, గ నాలుక మొదట్లో పుడతాయి. నోట్లో దగ్గరగా పుట్టినవి చెవిలో దగ్గరగా మోగుతాయి.

అచ్చులకీ అంతే. అ ఆ ఐ ఔ ఒక జట్టు, ఇ ఈ ఎ ఏ ఒక జట్టు, ఉ ఊ ఒ ఓ ఒక జట్టు. యతి పాదం మొదలుకీ మధ్యకీ సంబంధించింది, నీకు కావలసింది బార్ చివర. అయినా పట్టిక పనికొస్తుంది, ఎందుకంటే చెవి అదే చెవి. పూర్తిగా ఒకటి కానివాటిని నియమం పెట్టి కలుపుకున్న భాష నీది. అలాంటిది స్లాంట్ రైమ్ పరాయి విద్య అనుకుని భయపడుతున్నావు!

ఇంగ్లీషు ర్యాపర్లు వేరే దారిన అక్కడికే వచ్చారు. వాళ్ళ భాషలో మాటకో చోట ఊనిక పడుతుంది. ఊనిక పడిన అచ్చుని బీటుమీద నిలబెడితే, చుట్టూ ఉన్న హల్లులు కొంచెం అటూ ఇటూ అయినా చెవి ఊరుకుంటుంది. నువ్వు నా ఫోన్‌లో ఎక్కించిన 'పెయిడ్ ఇన్ ఫుల్' ఆల్బమ్ 1987లో వచ్చింది. అందులో రకీమ్ ప్రాసని బార్ చివర్నుంచి బార్ మధ్యకి ఎలా తీసుకొచ్చాడో మళ్ళీ విను. శాక్సఫోన్ నేర్చుకుని, జాన్ కోల్ట్రేన్‌ని విని పెరిగిన మనిషి. వాక్యం ఎక్కడ ఆగాలో బార్ గీత చేత చెప్పించుకోలేదు. ఎమినెమ్ అయితే 2010లో '60 మినిట్స్' ఇంటర్వ్యూలో, ప్రాసే లేదని అందరూ అనే 'ఆరెంజ్' మాటకి 'ఫోర్ ఇంచ్', 'డోర్ హింజ్' లాంటివి వరసగా చెప్పుకుపోయాడు. ఆ మాటని ముక్కలుగా విరిచి, ఒక్కో ముక్కకీ దగ్గరి శబ్దం వెతికాడు. నువ్వు అతని వేగం చూసి మురిసిపోతావు. ఆ విరవడం చూడు ముందు.

ఇక 'మోసం' అన్న మాట. ఎమిలీ డికిన్సన్ అని అమెరికా కవయిత్రి, 1886లో పోయింది. ఆవిడ కవితల నిండా ఇలాంటి సగం కలిసే ప్రాసలే. 1890లో పుస్తకం వేసినవాళ్ళు అవి తప్పులనుకుని కొన్నిచోట్ల మాటలు మార్చి నున్నగా చేశారు. ఆవిడ రాసినవి రాసినట్టుగా అన్నీ అచ్చులో రావడానికి 1955 దాకా ఆగాల్సొచ్చింది. ఇవాళ ఆ వంకర ప్రాసల కోసమే ఆవిణ్ణి చదువుతున్నారు. తెలియనివాళ్ళు తప్పు అన్నంతమాత్రాన తప్పైపోదు.

అలాగని ఏదైనా చెల్లుతుందనుకోకు. తెలుగులో ఇంగ్లీషంత గట్టి ఊనిక లేదు. దాని బదులు మనకి మాత్ర ఉంది. ఒక మాత్రా, రెండు మాత్రలా అన్నది చెవి వదిలిపెట్టదు. 'మాట', 'పూట' కలుస్తాయి. 'మాట', 'తోడు' కూడా కొంతవరకు ఓర్చుకోవచ్చు. 'మాట'తో 'కట' కలపబోతే కలవదు, 'ట' అచ్చంగా అదే అయినా సరే. హల్లు మారినా పర్వాలేదు, పొడుగు మారకూడదు. రాగం తీసే పాటలో హ్రస్వాన్ని సాగదీసి గట్టెక్కచ్చు. ర్యాప్‌లో నువ్వు మాట్లాడినట్టే పలుకుతావు కాబట్టి 'కల'ని సాగదీస్తే 'కాల' అయిపోతుంది, అర్థమే మారిపోతుంది.

ఇక్కడ నిన్ను తిట్టాలి. పాట మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లో రాసి వాట్సాప్‌లో పంపావు. కె, ఎ, ఎల్, ఎ అని రాస్తే అది కలా, కళా, కాలా? నాకు తెలియడం సరే, నీకు తెలుస్తోందా? పొడుగు కనపడని లిపిలో రాసుకుంటూ పొడుగుమీద నడిచే ప్రాస ఎలా కుదురుస్తావురా? కాగితంమీద ఒకేలా కనిపించినవన్నీ కలిశాయనుకున్నావు, అందుకే మూడో వెర్సు అంతా కుంటుతోంది. ఇకనుంచి తెలుగు లిపిలో రాయి. కీబోర్డు అలవాటు లేదన్న మాట నా దగ్గర చెల్లదు.

తిట్టాక మెచ్చుకోవాలి కూడా. హాస్టల్ గురించి నువ్వు రాసింది నిజంగా బాగుంది. విషయం నిజం, ప్రాస ఒక్కటే 'వచ్చాను, తిన్నాను'లో కూరుకుపోయింది. దాన్ని ఇలా మార్చి చూశాను:

రాత్రి పదకొండు, బస్సు దిగితే కూకట్‌పల్లి,
రూమ్‌లో గిన్నె ఖాళీ, కడుపులో ఆకలి మళ్ళీ.

'కూకట్‌పల్లి', 'ఆకలి మళ్ళీ' పైకి చదువు. కూ, ఆ రెండూ దీర్ఘాలే. రెండిట్లోనూ తర్వాతది 'క', అంటే ప్రాస పాతపద్ధతిలోనే కుదిరింది. 'కట్' రెండు మాత్రలు, 'కలి' రెండు మాత్రలు. పల్లి, మళ్ళీలలో అచ్చులు ఒకే వరస, ల్ల, ళ్ళ పక్కపక్కవి. 'మళ్ళీ' చివర దీర్ఘం ఉంది కదా అంటావేమో, మాట చివరి దీర్ఘాన్ని మనం మాట్లాడేటప్పుడు ఎలాగూ కుదించేస్తాం. మాట లోపలి దీర్ఘంతో మాత్రం ఆడుకోకూడదు. పైగా 'ఖాళీ' మధ్యలో నిలబడి రాబోయే 'మళ్ళీ'ని ముందే చెవిలో వేస్తోంది. ఒక్క క్రియా ప్రత్యయం కూడా ప్రాస భారం మొయ్యలేదు చూడు. ఊరి పేరు, ఆకలి మోశాయి.

దూరం గురించి ఒక్క నియమం పెట్టుకో. తేడా పెరిగినకొద్దీ దూరం తగ్గించు. నువ్వు వాడే 90 బీపీఎం బీటులో ఒక బార్, అంటే నాలుగు దెబ్బలు, సుమారు 2.7 సెకన్లు. పూర్తిగా కలిసే మాట రెండు మూడు బార్లు ఆగి వచ్చినా చెవి గుర్తుపడుతుంది. సగం కలిసేది పక్క బార్‌లోనే, అదే దెబ్బమీద పడాలి. స్నేర్ రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ కొడుతుందని నువ్వే నాకు చెప్పావు. నాలుగో దెబ్బమీద 'పల్' పెడితే, తర్వాతి బార్‌లో నాలుగో దెబ్బమీదే 'మళ్' పెట్టు. గురువు దెబ్బమీద పడితే హల్లులో తేడాని దెబ్బ కప్పేస్తుంది. లఘువు పడితే తేడా బయటపడుతుంది.

యాస సంగతి కూడా చెప్పాలి. మీ కరీంనగర్ స్నేహితుడు 'గిట్ల', 'గట్ల', 'ఎట్ల' అని అల్లుకుపోతుంటే ముచ్చటేసింది. ఆ అబ్బాయి నోట్లో అవి అమ్మ పెట్టిన మాటలు, పొడుగూ పొట్టీ వాటంతటవే కుదురుతాయి. నువ్వు అమలాపురంలో పెరిగి, పాటలో మాత్రం 'వచ్చిన', 'పోయిన' అని రాస్తున్నావు. ఆ యాసమీద గౌరవం ఉంటే దాన్ని సగం సగం పలక్కు. స్లాంట్ రైమ్‌లో తేడాని పట్టుకోవాలంటే అసలు శబ్దం నిద్రలో లేపినా తెలియాలి. మీ అమ్మ నిన్ను ఎలా పిలుస్తుందో, కోపమొస్తే ఏమంటుందో ఆ పలుకుబడిలో రాయి. 'ఏంట్రా', 'వెళ్ళట్లేదా', 'పడుకున్నావా' వీటిలో నీకు తెలియని జతలు చాలా ఉన్నాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పూర్తి ప్రాస ఒక్కదాన్నే పట్టుకుంటే అది నీచేత అబద్ధాలు రాయిస్తుంది. 'నవ్వు' అని రాయగానే 'నువ్వు', 'పువ్వు' వచ్చి నిలబడతాయి. నీ జీవితంలో పువ్వు లేకపోయినా ప్రాస కోసం పెడతావు. వినేవాడు నువ్వు చెప్పకముందే ఆ మాట చెప్పేస్తాడు. అదే పట్టిక తియ్యి. 'వ'కి 'బ' మిత్రం. నవ్వు, డబ్బు: అచ్చులు అవే, మాత్రలు అవే, వ్వ పోయి బ్బ వచ్చింది.

ఫోను నిండా నాన్న నవ్వు,
నోటిదాకా వచ్చి అడగని డబ్బు.

ఇది నీ పాట. మెస్ బిల్లు కట్టడానికి డబ్బు అడగలేక మీ నాన్నతో క్రికెట్ కబుర్లు చెప్పి ఫోన్ పెట్టేశానని నువ్వే చెప్పావు. ఆ సంగతి పాటలోకి రాలేదెందుకు? 'నవ్వు'కి ప్రాస అనగానే నీ చెయ్యి పువ్వు దగ్గరికి పోయింది కాబట్టి. సగం కలిసే మాటని ఒప్పుకున్న రోజు నీకు కావలసిన మాట వాడుకునే హక్కు వస్తుంది. మంచి ర్యాపర్లు ఇన్ని తిప్పలు పడేది ఆ హక్కు కోసమే.

అన్నీ ఒక్క ఉత్తరంలో కుదరవు. మూడు నాలుగు అక్షరాలు వరసగా కలిపే పెద్ద ప్రాసలూ, ఇంగ్లీషు మాటకి తెలుగు మాట జత చెయ్యడమూ వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. ఈలోగా పని చెబుతాను. నీ పదహారు బార్లలో ప్రత్యయాలమీద నడిచే ప్రాసలన్నిటికిందా గీత గియ్యి. ఒక్కోదానికి అర్థం చెడకుండా, పట్టికలో ఉన్న మిత్రాన్ని పట్టుకుని, క్రియ కాని మాట వెతుకు. దొరకనిచోట వాక్యం తిప్పి రాయి. అప్పటికీ దొరక్కపోతే ఆ బార్‌ని ప్రాస లేకుండా వదిలెయ్, తప్పేం లేదు. పూర్తయ్యాక తెలుగు లిపిలో రాసిన కాగితం ఫోటో, నీ గొంతుతో రికార్డు చేసినది రెండూ పంపు. మెస్ బిల్లు కట్టేశాను, మీ నాన్నకి చెప్పను. పాట మాత్రం నేను వినకముందు ఇంకెవరికీ పంపకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ