మెజీషియన్లకు సంఘం ఎందుకు: భైంసా నుంచి అనుభవ పాఠాలు

ముధోల్, భైంసా, నిర్మల్ వైపు బడుల్లో, పెళ్లిళ్లలో మ్యాజిక్ షోలు చేసుకునే పిల్లలు ఈ మధ్య తరచూ ఒకటే అడుగుతున్నారు: "జాతీయ సంఘంల చేరితే మనకేమొస్తది కాకా? కార్డు తప్ప ఇంకేమన్న ఉంటదా?" ఇన్నేళ్లు స్టేజీ మీద నిలబడి నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. చదివి మీరే తేల్చుకోండి.

1. కోటు, టోపీ రాకముందే మన దగ్గర సంఘం ఉంది.

పద్మశాలీల వాడల్లో సాధనాశూరులు కనికట్టు చూపేవాళ్లు. వాళ్లు పద్మశాలీల ఆశ్రితులు. ఆ ఇళ్ల ముందే ఆట, ఆ ఇళ్లలోనే అడుక్కోవడం. ఆంధ్ర వైపు విప్రవినోదులు కూడా తరతరాలుగా ఈ విద్యతోనే బతికారు. గుట్టు ఇల్లు దాటేది కాదు, కొడుకు తండ్రి దగ్గరే నేర్చుకునేవాడు. బతుకును కాపాడుకోవడం, గుట్టును కాపాడుకోవడం, కొత్తవాణ్ని తయారు చేయడం వాళ్ల కట్టుబాటు. 1902లో న్యూయార్క్‌లో మొదలైన సొసైటీ ఆఫ్ అమెరికన్ మెజీషియన్స్, 1905లో లండన్‌లో పుట్టిన మ్యాజిక్ సర్కిల్ పెట్టుకున్నదీ ఇలాంటి కట్టుబాటే. కాకపోతే అక్కడ ఏ ఇంట పుట్టావని అడగరు, పని చూస్తారు. మ్యాజిక్ సర్కిల్‌లో సభ్యత్వం కావాలంటే తోటివాళ్ల ముందు చేసి చూపాలి, లేదంటే ఈ విద్య మీద వ్యాసం రాసి మెప్పించాలి. మన జాతీయ సంఘం ఏదైనా సరే, అలాంటి పరీక్ష పెట్టాలి. ఆ పరీక్షకు సాధనాశూరుల పిల్లవాణ్ని కూడా పిలవాలి. ఇంగ్లిష్ ఫారం నింపలేడని వాణ్ని బయట నిలబెడితే అది మన సంఘం కాదు.

2. గుట్టు దాచాల్సింది చూసేవాళ్ల దగ్గర, మోసపోయేవాళ్ల దగ్గర కాదు.

ఆట గుట్టు విప్పనని మనందరం ఒట్టు వేస్తాం. నేనూ వేశాను, నిలబెట్టుకుంటున్నాను. పిల్లలు కళ్లింత చేసుకుని చూస్తున్నప్పుడు ఆ సంతోషాన్ని చెడగొట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ అదే ఆటతో ఒకడు గడపలో నిలబడి "మీ ఇంటికి బాణామతి చేసిన్రు" అన్నాడంటే అక్కడ ఆ ఒట్టు చెల్లదు. మంత్రాల నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పల్లెల నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆ నెపం చాలాసార్లు దిక్కులేని ముసలివాళ్ల మీదే పడుతుంది.

అందుకే ఈ ఆటలు ఊరి నడుమ చేయండి, చేసినచోటే విప్పి చెప్పండి. పసుపు నీళ్లలో సున్నం పడితే ఎర్రబడతాయి. మందార పూలరసం పూసి ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయ కోస్తే నెత్తురు కారినట్టే ఉంటుంది. పొటాషియం పర్మాంగనేట్ పొడి మీద గ్లిజరిన్ పడితే కాసేపటికి అగ్గిపుల్ల లేకుండానే మంట లేస్తుంది. ఆ పొడి కొబ్బరి పీచులో ఉంటే కాయ దానంతట అదే అంటుకున్నదని జనం దండం పెడతారు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊళ్లు తిరిగి ఇలాంటి గుట్లే విప్పారు. అమెరికన్ సొసైటీకి అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లోనే హౌడినీ, చచ్చినవాళ్లతో మాట్లాడిస్తామనే దొంగల గుట్టు ఊరూరా బయటపెట్టాడు. ఒట్టు తప్పాడని ఆయన్ను అనకూడదు.

ఇంకో మాట. మాకు మహారాష్ట్ర పక్కిల్లే. 1956 వరకు మా ముధోల్ తాలూకా నాందేడ్ జిల్లాలోనే ఉండేది. చుట్టరికాలు, మొక్కులు, భయాలు అటూ ఇటూ ఒకటే, చట్టమే వేరు. 2013 ఆగస్టు 20న పుణెలో, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను కాల్చి చంపారు. అదే ఏడాది ఆ రాష్ట్రం చేతబడి పేరుతో చేసే దోపిడీ, హింసల మీద చట్టం తెచ్చింది. కర్ణాటక 2017లో తెచ్చింది. దేశమంతటికీ ఉన్న 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మాయ మందుల ప్రకటనలను పట్టుకుంటుందే గానీ, గడపలోకి వచ్చినవాణ్ని పట్టుకోదు. తెలంగాణకు కూడా మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఉన్నలాంటి చట్టం కావాలని ముందుగా గొంతెత్తాల్సింది మెజీషియన్లే. మోసం ఏ చేత్తో, ఎలా జరిగిందో కోర్టులో చేసి చూపగలిగేది మనమే కదా.

3. తెర లేవగానే "ఇందులో మంత్రం లేదు, సాధన ఉంది" అని చెప్పండి.

భైంసాలో ఆ మాట తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో మూడుసార్లు చెప్పాలి. రాని భాషలో ఆ ఒక్క వాక్యమైనా నేర్చుకోండి. అట్లా చెబితే గిరాకీ పోతుందని కొందరు భయపడతారు. నేను చూసింది వేరు. మంత్రం లేదని తెలిశాక జనం మన చేతుల్ని ఇంకా శ్రద్ధగా చూస్తారు. 2025లో కన్నుమూసిన బి.వి.పట్టాభిరామ్ గారు స్టేజీ మీద హిప్నాటిజం చూపిస్తూనే అది మనస్తత్వ శాస్త్రమని జనానికి చెప్పారు. అందుకే జనం ఆయన్ను మెజీషియన్‌గానూ, మనసు నిపుణుడిగానూ నమ్మారు. షో అయ్యాక ఎవరో ఒక తల్లి జ్వరం పిల్లను ఎత్తుకుని తాయెత్తు కట్టమని వస్తుంది. తప్పకుండా వస్తుంది. "నాకు ఆ శక్తి లేదమ్మా" అని చెప్పి, వీలైతే మీరే సర్కారు దవాఖానకు తోడు పోండి.

4. పైసలిచ్చి బిరుదు కొనొద్దు. శాలువా, షీల్డు, ఫొటోల కోసం పిలిచే సంఘాలకు పోవద్దు.

5. పెట్టెలో పడుకునే అమ్మాయి కూడా మెజీషియనే.

1956 ఏప్రిల్‌లో మెజీషియన్ పి.సి.సర్కార్ బీబీసీ పనోరమా కార్యక్రమంలో పదిహేడేళ్ల దీప్తి డేను రంపంతో రెండుగా కోసిన ఆట చూపారు. అంతలోనే టైమైపోయి కార్యక్రమం ఆగింది. అమ్మాయి చనిపోయిందనుకుని జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆ రాత్రితో సర్కార్ పేరు లండన్ అంతా మారుమోగింది. దీప్తి పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఆ బల్ల మీద సగం ఆట ఆమెది. మ్యాజిక్ సర్కిల్ కూడా 1991 దాకా ఆడవాళ్లను చేర్చుకోలేదు. సోఫీ లాయిడ్ అనే ఆమె రేమండ్ అనే మగ వేషంలో పరీక్షకు పోయి నెగ్గింది. ఆడవాళ్లను చేర్చుకుంటామన్నాక నిజం చెబితే, మోసం చేశావని తీసేశారు. తిరిగి 2025లో క్షమాపణ చెప్పి సభ్యత్వం ఇచ్చారు. మనం అన్నేళ్లు ఆగనక్కర్లేదు. మీ ఇంట్లో మీ భార్య, చెల్లె ఆటలో నిలబడుతుంటే పోస్టర్ మీద వాళ్ల పేరు వేయండి, సంఘంలో వాళ్ల పేరున కూడా కార్డు తీయించండి. వాళ్లకు సొంత ఐటెం ఇవ్వండి. మా వైపు బడుల్లో ఆడపిల్లలు నన్ను ఎన్నడూ "గుట్టేంది" అని అడగలేదు, "మాకు నేర్పుతవా" అనే అడిగారు.

6. పత్తి అమ్ముడుపోయే కాలాన్ని బట్టే మన లెక్క.

దసరా దాటి పత్తి ఏరితేనే భైంసాలో పైసలు తిరుగుతాయి. యార్డుకు బండ్లు వస్తాయి, జిన్నింగ్ మిల్లులు నడుస్తాయి, ఇళ్లలో శుభకార్యాలు పెట్టుకుంటారు. మన షోలన్నీ ఆ నెలల్లోనే. వానాకాలం చేతులు ఖాళీ. ఉన్న ఆ కొన్ని షోలకూ మాటిచ్చి, సామాను దింపాక "షో లేదు, పో" అని పంపించిన నిర్వాహకులు ఉన్నారు. కాగితం లేకపోతే ఎవరిని అడుగుతాం? సంఘం పేరుతో అచ్చేసిన ఒప్పంద పత్రం, సగం అడ్వాన్సు, రద్దయితే దారి ఖర్చులు, ఈ మూడూ ఉంటే చాలు. ఒక్కడు అడిగితే గొడవ, సంఘం అడిగితే పద్ధతి.

ఇక ఆపద సంగతి. సర్కార్ 1971 జనవరి 6న జపాన్‌లోని అసహికవాలో, పర్యటన మధ్యలోనే పోయారు. అంతటి మనిషి వెనుక కంపెనీ ఉంది, ఆట అందుకునే కొడుకు ఉన్నాడు. నిప్పుతో, కత్తులతో ఆడే మనలాంటివాడికి చెయ్యి కాలితే ఎవరున్నారు? వేళ్లు వణికే వయసొచ్చాక ఏం తింటాడు? సంఘానికి వైద్య నిధి ఉండాలి. ఏడాదికొకసారి సభ్యులంతా ఒక షో పారితోషికం తీసుకోకుండా చేసి ఆ టికెట్ డబ్బు అందులో వేయాలి. మీరు చేరాలనుకుంటున్న సంఘం వాళ్లను సభ్యత్వ రుసుము కట్టకముందే ఆ నిధి లెక్కల పుస్తకం చూపమనండి. పోయిన ఏడు ఎంత వచ్చింది, ఎవరి దవాఖాన ఖర్చుకు ఎంత ఇచ్చారు, సంతకాలు ఎవరివి, అన్నీ చూశాకే సంతకం పెట్టండి.